వాలు దోవకు దొరికిన బాందు రాయి

కొండ వాలులో ఇంటికి సిమెంటు బిళ్లల దోవ ఎయ్యాలంటే పని కింద నుంచి మొదలుపెట్టాల. ఈ మాట ఎంతమందికి చెప్పినా తలకెక్కదు. ఇల్లు కట్టుకున్నోళ్లంతా పైన వాకిలి ముందర నిలబడి, "ఈడ నుంచి పరుసుకుంటా దిగప్పా, చూసేకి బాగుంటాది" అంటారు. చూసేకి బాగుంటాది, నిజమే. కారు నాలుగు మార్లు ఎక్కి దిగితే బిళ్లలన్నీ జారి రోడ్డు మీదికొచ్చి కూర్చుంటాయి. అప్పుడు చూసేకి ఇంకా బాగుంటాది.

అడుగు వరుసలో పొడుగు రాళ్లు పాతాల. రాయి ఒళ్లు సగం నేలలో ఉండాల. పైన జల్లి, జల్లి మీద డస్టు, డస్టు మీద బిళ్లలు, వాటి మీద కారు, ఆ బరువంతా ఆ అడుగు రాళ్లే మోస్తాయి. ఎవరూ వాటి తట్టు చూడరు.

నేను పుట్టుకతో ఈ పనోన్ని కాదు. తిరుమణి పక్క మాది శెనక్కాయ చేను. వాన కోసం మొగుల్ని చూసి చూసి మెడలు పట్టుకుపోయిన వంశం. చేను సోలారోళ్లకు గుత్తకిచ్చినాక మడకకు పని లేకపాయ. ఆ సోలారు పార్కులో ఆఫీసుల ముందర ఇంటర్‌లాక్ బిళ్లలు పరిచే గ్యాంగులో కూలికి చేరితి, పని పట్టుబడె. ఇప్పుడు నాకే ఒక గ్యాంగు ఉండాది. నా పెండ్లాము కూడా అందులోనే. తాడు కట్టి చూసేది ఆయమ్మే. నేను లెవలు చూస్తే "నీ కన్ను వంకర, పక్కకు జరుగు" అంటాది.

ఆ పొద్దు మేము పావగడలో కొండ వాలున, ఎరువుల అంగడి ఆయప్ప ఇంటికాడ ఉంటిమి. గేటు రోడ్డు కాడ, ఇల్లు పైన, నడమ నిట్రంగా వాలు. అడుగు వరుసకు రాళ్లు తెప్పియ్యమంటే, ఆయప్ప ఒక పాత రాళ్ల కుప్ప చూపించె. "ట్రాక్టరోడు తోలినాడప్పా. సోలారు చేన్లల్లో పనికిరాని బాయిలు పూడ్చేటప్పుడు ఎత్తిన రాళ్లంట. వాడుకో" అనె.

కుప్పలో పొట్టి రాళ్లే ఎక్కువ. అడుక్కు తోడితే ఒక పొడుగు రాయి కనపడె. అబ్బా, ఇది గదా కావాల్సింది అని సంతోషంగా గునపం ఏసి పక్కకు దొర్లిచ్చి, మన్ను తుడిచేకి చెయ్యి ఏస్తి. నా బొటనేలు ఒక గాడిలోకి దిగె.

గాడంటే ఏదో పగులు కాదు. నున్నగా, పొడుగ్గా, కొడవలి నూరి నూరి అరిగిన గాడి. నా ఏలు సరిగ్గా పట్టె. కంటికంటే ముందు ఏలుకే తెలిసె. ఎగబడి రాయి నెత్తిన మన్ను గీకితి. హద్దు గుర్తుకు ఉలితో కొట్టిన అడ్డగీత, నిలువుగీత. ఓరి దేవుడా! ఇది మా రాయి. మా చేన్లో బాందు రాయి.

"ఏమప్పా, తేలు కుట్టెనా?" అని నా పెండ్లాము ఎగతాళిగా అడిగె. రాయి తట్టు చెయ్యి చూపితి. ఆయమ్మ వంగి చూసి, చేతిలో తాడు అట్లనే ఇడిసిపెట్టె.

బాందు రాయంటే ఏందో చేను లేనోళ్లకు చెప్పాల. రెండు చేన్ల నడమ హద్దుకు పాతే రాయి. మాయన్న చేనుకు, నా చేనుకు నడమ ఉండె ఆ రాయి. ఏరువాక పున్నమికి మాయమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టేది. మా తాత, మా నాయన, మేము కొడవండ్లు నూరుకున్నదంతా దాని మీదనే. దాన్ని కాలితో తాకకూడదు. పీకితే వంశం నిలవదంటారు. పీకినోని చేతి నీళ్లు, ఇంటి నీళ్లు తాగినా ఆ పాపం తగులుకుంటాదంటారు మా పక్క.

సోలారోళ్లు కొలతలకు వచ్చేనాటికి ఆ రాయి ఉన్న తావులో గుంత ఉండె, రాయి లేదు. కొలిస్తే నాకు అన్న కంటే ఒక గుంట, రెండున్నర సెంట్ల జాగా ఎక్కువొచ్చె. ఇంకేముంది! తమ్ముడే పీకినాడని ఊరంతా ఒకటే మాట. నేను గొంతు చించుకుంటే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని నవ్విరి. నోరు మూసుకుంటే, చూడు ఒప్పుకున్నాడనిరి. ఎట్ల బతకాల మనిషి?

ఊరి మాటకు నేను అంత ఏడ్చలేదు. అన్న ఒక్కమాట, "మా వాడు అట్లాటోడు కాదు" అని అనకపాయ. అదీ నన్ను కాల్చింది. మా నాయన పోయినాక నన్ను భుజాన ఏసుకుని తిప్పినోడు ఆయన. అట్లాటోని ఇంటికి ఒకసారి ఎండలో పోతే, వదిన చెంబుతో నీళ్లు తెస్తా ఉండె, అన్న అడ్డం పడి "వద్దులే, వాడు తాగడు" అనె. గొంతు ఎండిపోతా ఉంటే ఎనక్కి వస్తి. నా కూతురి పెండ్లిలో పిల్ల, పెండ్లికొడుకు చేతుల మీద పెదనాయన నీళ్ల ధార పొయ్యాల. అన్న పందిట్లో కూర్చుని అన్నం తినె, నీళ్లు తాగె. ధార చెంబు ఇస్తే మాత్రం చెయ్యి ఎనక్కి తీసుకునె. అందరి ముందర! ఆ పొద్దు నుంచి మాటల్లేవు.

"మన ఇంటి నీళ్లు తాగినాడు గదా, మళ్ల ధార ఎందుకు పొయ్యలే? ఇదేం లెక్క?" అని నా పెండ్లాము అప్పుడే అడిగె. "లెక్క లేదు, గిక్క లేదు, అవమానం చేసేకి వచ్చినాడు" అని ఆయమ్మ మీదనే ఎగిరితి.

ఇప్పుడు ఆ రాయి నా కాళ్ల ముందర ఉండాది. కొలతలకు ముందే సోలారోళ్ల మిషను ఏదో వచ్చి ఎత్తి పారేసింటాది, ట్రాక్టరోడు కలిపి తోలింటాడు, ఇంకేం కావాల? నా నెత్తిన నింద పోయినట్లే. అన్నకు చూపిస్తే సాలు. పని ఆపమంటి. అంగడి ఆయప్ప పైనుంచి "ఏమప్పా, రాయి దొరికితే పని నిలిపేస్తారా?" అని అరిసె. "మా రాయి సామీ ఇది, మా రాయి!" అని నేను ఇంకా గట్టిగా అరిస్తి. ఆయప్ప బిత్తరపోయి లోపలికి పాయ.

అన్న పార్కులో గేటు కాడ వాచ్‌మన్‌గా ఉండాడు. నేను పిలిస్తే రాడు. నా పెండ్లాము ఫోను చేసె. "బావా, ఉన్నపళాన రా. మీ తమ్ముడు పని చేసే తావున ఒకటి చూడాల" అని మాత్రం చెప్పె. నాకేమన్నా అయిందేమో అనుకున్నట్లుండాది. యూనిఫారంతోనే బండెక్కి వచ్చినాడు. గేటు కాడ దిగి, నేను నిలబడి ఉండేది చూసి గుండెల మీద చెయ్యి ఏసుకునె. నా కాళ్లు చేతులు చూసె. అప్పుడు రాయిని చూసె.

"చూడన్నా," అంటి. "చూడు బాగా. నేను పీకినానంటిరే! మిషనోళ్లు పెరికి పారేసినారు. ఈడికొచ్చి పడింది. ఇప్పుడన్నా చెప్పు, నేను దొంగనా?"

అన్న రాయి ముందర కూలబడి, గాడిలో ఏలు పెట్టె.

"బాయిలో నుంచి ఎట్ల బయటికొచ్చె ఇది?" అనె.

నాకు అర్థం కాలే. బాయి రాళ్లని నేను ఆయనకు చెప్పలేదు. నా పెండ్లాము చెప్పలేదు. ఆయమ్మ నా తట్టు చూసె, నేను ఆయమ్మ తట్టు చూస్తి. పొద్దున్నే ఎండ, చుట్టూ కొండ, అన్నీ ఉన్నచోటనే ఉండాయి గానీ నేను యాడుండానో తెలీకపాయ.

"మిషన్లు వస్తాయనిరి," అన్న రాయితోనే చెప్తా ఉండాడు, నాతో కాదు. "అమ్మ పసుపు పెట్టిన రాయి. మిషను చక్రం కింద నలిగితే ఎట్ల చూడాల? పగిలిన దేవున్ని నీళ్లల్లో ఇడుస్తాం గదా, అట్లని మన బాయిలో ఇడిస్తి. ఎండిన బాయి. నీళ్లు కూడా లేకపాయ."

"మళ్ల చెప్పల్ల గదా!" అని అరిస్తి. "ఊరంతా నన్ను ఉమ్ముతా ఉంటే చూసుకుంటా ఉంటివా? నువ్వా? నువ్వు, అన్నా?"

"ఇద్దరు ఆడపిల్లలు రా నాకు. రాయి పీకినోని ఇంటికి సంబంధం ఎవరొస్తారు?"

"నాకు లేదా ఆడపిల్ల?"

ఆయన ఏడుస్తా ఉండాడు. "నీకు నింద తగిలె. పాపమన్నా తగలకూడదని, నా ఇంటి నీళ్లు, నా చేతి నీళ్లు నీకు పొయ్యలే. నీ బిడ్డకు ధార పొయ్యలే" అనె.

నేను ఆడనే జల్లి కుప్ప మీద కూర్చుంటి. అయ్యో, నా కర్మా! ఆయన నన్ను దొంగ అనుకుంటాడని నేను ఇన్నేండ్లు కుమిలితి. ఆయనేమో తనను తానే ముట్టరానోన్ని చేసుకుని తిరిగినాడు. కొట్టల్లనిపించె. కావలించుకోవల్లనిపించె. రెండూ చేతకాలే. రాయిని మళ్ల పాతుదామన్నా, సోలారోళ్ల కంచె లోపల హద్దు యాడుండాదో ఎవరికి తెలుసు? అంతా ఒకటే అద్దాల మయం.

నా పెండ్లాము మెల్లగా డ్రమ్ము కాడికి పోయి, చెంబు ముంచుకొచ్చి అన్న చేతిలో పెట్టె. "పొయ్యి బావా" అనె.

"వద్దమ్మా" అని ఆయన ఎనక్కి జరిగె.

నాకు కోపం నషాళానికెక్కె. లేసి పోయి ఆయన ముందర వంగి దోసిలి పడితి. "పొయ్యన్నా! వంశం పోతే పోనీ. ఎండలో ఆ పొద్దు గొంతెండి ఎనక్కి వస్తి, ఆ దప్పిక ఇంకా తీరలే నాకు. పొయ్యి!"

ఆయన చెంబు వంచె, సగం నీళ్లు రాయి మీద పడె. నేను దోసిలి తియ్యలేదు. చెంబు అయిపోయేదాకా తాగితి.