దుబాయ్ ఎన్ని చుట్టల దూరం?

మా మామయ్య దూరాన్ని చుట్టల్లో కొలిచేవాడు. గుంటూరు నుంచి పొన్నూరు రెండు చుట్టలు. కనిగిరి అయితే ఒక కట్ట. అరగంటకొకటి వెలిగించకపోతే తనకు ఊపిరాడదని ముప్ఫై ఏళ్లుగా అత్తయ్యను నమ్మించాడు. ఆ పొగ దెబ్బకు కాకులు కూడా వాళ్ల డాబా మీదుగా కాక వీధి చుట్టూ తిరిగి వెళ్లేవి.

రెండువేల సంవత్సరం దాటాక, దుబాయ్ వ్యాపారి ఒకాయన మిరపకాయలు కొంటాను, వచ్చి మాట్లాడమన్నాడు. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడిపే మామయ్య, ఇంగ్లీషు కోసమని నన్ను వెంటేసుకున్నాడు. విమానంలో చుట్ట కాల్చనివ్వరని తెలిసి బంధువులంతా కడసారి చూపులకన్నట్టు వచ్చి పోయారు.

మామయ్య మాత్రం టిక్కెట్టు చూసి మీసం దువ్వాడు. "హైదరాబాద్‌లో పదింటికి ఎక్కితే అక్కడ పన్నెండున్నరకి దిగడం. రెండున్నర గంటలు! కనిగిరి బస్సుకంటే నయం గదరా!"

"అరగంటకే ఊపిరాడదంటారుగా?" అంది అత్తయ్య.

"బిగబడతా. చుట్ట ముట్టకుండా దిగానంటే, మళ్లీ జన్మలో దాని గురించి నోరెత్తకూడదు నువ్వు."

"ఎత్తను. ముట్టారో, పూర్తిగా మానెయ్యాలి మీరు."

నేను సాక్షిని.

విమానంలో మామయ్య పావుకిలో లవంగాలు నమిలాడు. పన్నెండున్నర కాగానే బెల్టు విప్పి లేచాడు. "ఒరేయ్, సంచి తియ్యి, దిగుదాం."

కిందికి చూస్తే సముద్రం.

ఎయిర్‌హోస్టెస్ పరుగున వచ్చి విషయం చెప్పింది. టిక్కెట్టు మీద దిగే వేళ వేసింది దుబాయ్ టైములోనట. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనకట. ప్రయాణం మొత్తం నాలుగు గంటలట. అదంతా నేను తెలుగులో చెప్పేసరికి మామయ్య మొహం ఎండుమిరపకాయ రంగుకు తిరిగింది.

"ఆ గంటన్నర నాకెవడిస్తాడ్రా!" అన్న కేకకు కింద చేపలు పక్కకు తప్పుకున్నాయి. ఆ తర్వాత ముందు సీటు గుడ్డ కొరుకుతూ కూర్చున్నాడు గానీ, జేబులోకి మాత్రం చెయ్యి పోనివ్వలేదు.

దిగి బయటికి రాగానే రెండు చుట్టలు ఒకేసారి ముట్టించాడు. ఆ ఎడారిలో మబ్బు పట్టిందనుకుని జనం ఆశగా పైకి చూశారు. పొగలోంచే అత్తయ్యకు ఫోన్ చేశాడు. ఆవిడ సంగతి తెలిసినవాణ్ణి గనక, రెండున్నరే అని చెప్పమని నేను వేళ్లతో సైగలు చేస్తూనే ఉన్నాను.

"రెండున్నర కాదే పిచ్చిమొహమా, నాలుగు గంటలు! నాలుగు గంటలు ముట్టలేదు! కావాలంటే వీణ్ణడుగు!"

"అలాగా," అంది అత్తయ్య.

ఆవిడ మాట తప్పే మనిషి కాదు. ఆ తర్వాత చుట్ట గురించి ఒక్కనాడూ నోరెత్తలేదు. కట్టలన్నీ బీరువాలో పెట్టి తాళంచెవి బొడ్లో దోపుకుంది. పొద్దున్నే ఒకటి చేతికిచ్చి గోడ గడియారం వంక చూసేది. నాలుగు గంటలయ్యాక రెండోది. ఈలోగా మామయ్య గుండె పట్టుకుని "ఊపిరాడట్లేదే" అని మూలిగితే, పలక్కుండా వచ్చి కిటికీ తెరిచి పోయేది.