కళాయి పోయిన గుండిగ

1975 ఫిబ్రవరి 13, గురువారం, పొద్దున తొమ్మిది గంటల నలభై నిమిషాలు. ధర్మవరంలో ఒక నేతగాడి ఇంట్లో పెళ్ళిచూపులకు కూర్చోబెట్టిన పిల్ల లేచి నిలబడి, తన కింద వేసిన చాపను తిప్పి వేసుకుంది.

ఆ చాపను ఆమె ఇంటివాళ్ళు చాలా ఆలోచించి వేశారు. కుడి చెంప మా వైపు, ఎడమ చెంప మగ్గం ఉన్న చీకటి గోడ వైపు ఉండేలా కూర్చోబెట్టారు. ఆ పిల్ల చాపను వాకిలి వైపు తిప్పేసరికి వెలుతురంతా ఎడమ చెంప మీద పడింది. కంటి కింద నుంచి మెడ దాకా కాలిన మచ్చ. తొమ్మిదేళ్ళప్పుడు పట్టు ఉడకబెట్టే సబ్బునీళ్ళు ఒలికి కాలిందట. ఆ సంగతి మాకు ఎవరూ ముందు చెప్పలేదు.

"కూచోమ్మా, ఏందిది?" అన్నాడు వాళ్ళ నాయన కంగారుగా.

"ఈ పక్క చూడకుండా పోతే రేపు మోసం చేసినారంటారు నాయనా. చూడ వచ్చినోళ్ళని చూడనీ" అని మళ్ళీ కూర్చుంది.

మా తమ్ముడు అప్పటిదాకా సిగ్గుతో పైకప్పు దూలాలు చూస్తున్నాడు. అప్పుడు మొదటిసారి ఆ పిల్ల మొహంలోకి చూశాడు. నేను వాడి పక్కనే ఉన్నాను కాబట్టి ఈ సంగతి ఖాయంగా చెప్పగలను. నేను హిందూపురంలో బడిపిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. చూడనిది చూశానని రాయను.

మా ఊరు పెనుకొండకు తిరుగు ప్రయాణంలో, ప్యాసింజర్ బండిలో మా అమ్మ నోరు మూయలేదు.

"మచ్చ దాచి పెట్టినారు సరే, ఆ పిల్లకు నోరు చూడు! పెద్దోళ్ళు వేసిన చాప తిప్పతాదా? రేపు నలుగురు కోడల్ని చూడ వస్తే నేను ఏ పక్క కూచోబెట్టల్ల?"

నాయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "ఆ పిల్ల మాట్లాడింది రెండు మాటలే. నువ్వు ధర్మవరంలో ఎత్తుకున్నావు, పెనుకొండ కొండ కనపడతాండాది, ఇంకా దించలేదు."

తమ్ముడు ఇల్లు చేరాక ఒక్క మాట చెప్పాడు. ఆ పిల్ల నచ్చిందన్నాడు. అమ్మ కాదంటే చేసుకోనన్నాడు, అయితే ఇంకో పిల్లను చూడటానికి కూడా రానన్నాడు. వాడు హిందూపురం చింతపండు మండీలో తూకాల దగ్గర పనిచేసేవాడు. మాట కూడా తూచినట్టే మాట్లాడతాడు, ఒకసారి రాయి వేశాక తీయడు. కాబట్టి ఆ పెళ్ళి జరగడం, జరగకపోవడం మా అమ్మ చేతిలో పడింది.

మా అమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. ఆమెకు ఇత్తడి పిచ్చి. బిందెలు, చెంబులు, గుండిగలు అన్నీ వంటింటి బల్ల మీద వరుసగా ఉండేవి. తమ్ముడు తెచ్చిచ్చే చింతపండులో మంచిది ఇత్తడికి, మిగిలింది వంటకి. శుక్రవారం శుక్రవారం ఇటుకపొడి కలిపి తోమేది. వాకిలి తెరిచి ఉంటే ఆ మెరుపు వీధిలోకి కనిపించేది. మా వీధి ఆడవాళ్ళు గుడికి పోతూ మా బిందెలో బొట్టు సరిచూసుకోవచ్చని ఎగతాళి చేసేవాళ్ళు. అమ్మ దాన్ని పొగడ్తగానే తీసుకునేది. ఎవరింటికి పోయినా ముందు ఇత్తడి చూసి, తర్వాత మనుషుల్ని పలకరించేది.

పెళ్ళిచూపులయ్యాక ఆడపిల్లవాళ్ళు వచ్చి మగపిల్లవాడి ఇల్లు చూసిపోవడం మా వైపు ఆచారం. అమ్మను అడగకుండానే నాయన ధర్మవరంలో "రాండి" అనేశాడు. ఇక తప్పదు.

"వచ్చి చూసి పోనీ. మాట మాత్రం నేనియ్యను" అంది అమ్మ. "అయితే ఇట్లాంటి ఇల్లు చేజారిందే అనుకుంటా పోవల్ల."

అందుకోసం అటక మీది పెద్ద గుండిగ దింపించింది. అది వంట గుండిగ. పులుపు వండే ఇత్తడికి లోపల తగరం పూత, అంటే కళాయి, తెల్లగా ఉండాలి. అటక మీద మూడేళ్ళున్న ఆ గుండిగలో కళాయి పలచబడి మచ్చలు మచ్చలుగా ఉంది. ఆ మచ్చలు చూసి అమ్మకు మనసొప్పలేదు. బయట తోమినట్టే లోపల కూడా రుద్ది రుద్ది, ఉన్న ఆ కాస్త కళాయి కూడా ఊడగొట్టింది. కళాయి పెట్టే సాయిబును పిలిపిద్దామంటే ఆయన ఎవరి పెళ్ళికో గుడిబండ పోయి ఉన్నాడు. ఒక్క పూటకేమవుతుందిలే అనుకుంది. ఇదంతా ఆమె తర్వాత చెప్పింది. వాళ్ళొచ్చే రోజు, ఆదివారం పొద్దున, నేను హిందూపురం నుంచి వచ్చేసరికి గుండిగ బంగారంలా మెరుస్తూ, నిండా చారుతో, వంటింటి గడప లోపలే చుట్టకుదురు మీద ఉంది. నడవలో కూర్చున్నవాళ్ళకు కనపడాలని అక్కడ పెట్టింది.

వాళ్ళు వచ్చారు. పిల్ల నాయన, చిన్నాయన, ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళ అవ్వ. అవ్వకు చూపు ఆనదు, మనవరాలు చెయ్యి పట్టుకుంటేనే నడుస్తుంది. అందువల్ల ఆచారం కాకపోయినా పిల్ల కూడా వచ్చింది.

"మాటియ్యకముందే కాపురానికొచ్చినట్లుండాదే" అని అమ్మ నా చెవిలో అంది. ఆ 'చెవిలో' అన్నది నడవంతా వినపడింది.

అవ్వ నవ్వింది. "నా కండ్లు తిన్నగుంటే వచ్చేది కాదు తల్లీ. నన్నిడిసిపెట్టి పోతే మీ బిందెల్లో పడి సచ్చేదాన్ని. శానా ఉండాయంటనే!"

ఆ పిల్ల అవ్వకు మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చింది. నేను ఆకులు తుడుస్తున్నాను. అమ్మ పెరట్లో ఉంది. పిల్ల గుండిగ దగ్గర ఆగిపోయింది. చారు మట్టానికి పైన కనపడే లోపలి అంచును వేలితో ఒకసారి రాసి చూసింది. చారులో గరిటె ముంచి, చుక్క నాలుక మీద వేసుకుని తూములో ఉమ్మేసింది. నడవలో వాళ్ళ నాయన ఏదో అంటే మా నాయన గట్టిగా నవ్వుతున్నాడు. పిల్ల ఆ నవ్వు వైపు ఒకసారి చూసింది.

"అక్కా, నువ్వట్ల పక్కకు జరుగు" అంది నెమ్మదిగా. నేను జరిగాను. కింద పెట్టిన ఆకుల కట్ట కూడా తనే ఎత్తి గట్టు మీద పెట్టింది. తర్వాత రెండు గుడ్డలు తీసుకుని, గుండిగను కొంచెం వెనక్కి జరపబోతున్నట్టు పట్టుకుని, తూము వైపు వంచి వదిలేసింది.

చారంతా తూములో పోయింది. గుండిగ దొర్లి గోడకు కొట్టుకుంది. ఆ మోతకు నడవ మొత్తం లేచి నిలబడింది. పెరట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"అయ్యయ్యో! ఎవరు చేసినారిది?"

"నేనే పెద్దమ్మా. జరుపుదామని పట్టుకుంటి, చెయ్యి జారె" అంది పిల్ల.

"నిన్నెవరు జరపమన్యారు? మొగమూ అట్లే, చేతులూ అట్లే!"

ఆ మాట అందరూ విన్నారు. పిల్ల నాయన తల దించుకున్నాడు. పిల్ల తల దించుకోలేదు. తూము దగ్గర కూర్చుని నేల కడగడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని నీళ్ళు పోస్తుంటే చాలా చిన్నగా అంది.

"గుండిగలో కళాయి లేదక్కా. చారు చిలుమెక్కినాది. తింటే అందరికీ వాంతులే. నువ్వు చెప్పొద్దు. మీ అమ్మ ఎంత ఇష్టంగా తోమిందో, వచ్చినోళ్ళ ముందర చిన్నబోతాది."

"నీ సంబంధం పోతుంది కదా" అన్నాను.

"పోతే ఏం చేసేది? అది ఎట్లనో పోయేటిదే మాదిరుండె" అని చీపురు అందుకుంది. ఎడమ పాదం మీద చారు చింది ఎర్రగా బొబ్బ లేస్తోంది. దాన్ని చీర అంచుతో కప్పుకుంది.

ఆ పూట అందరం మజ్జిగన్నం, ఓళిగలు తిన్నాం. అవ్వ మాత్రం "చారు వాసన బాగుండె, పాపం" అని రెండుసార్లు అంది. వాళ్ళు సాయంత్రం బండికి వెళ్ళిపోయారు. అమ్మ వాకిలి దాకా కూడా రాలేదు. తమ్ముడు వాళ్ళను స్టేషన్లో దింపి వచ్చి, అన్నం వద్దని పడుకున్నాడు.

మర్నాడు తెల్లవారి, తోమడానికి గుండిగ తీసింది అమ్మ. అడుగున మిగిలిన గరిటెడు చారు ఆకుపచ్చగా తిరిగింది. చుట్టూ నీలంగా చిలుము. అమ్మ దాని ముందు కూలబడింది. కాఫీ చల్లారిపోయేదాకా లేవలేదు. తర్వాత నన్ను పిలిచింది.

"ఆ పిల్ల ఇది చూసినాదా?"

"చూసింది."

"నీకు చెప్పినాదా?"

"నీకు చెప్పొద్దని చెప్పింది."

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను సెలవు పెట్టి ఆ వారమంతా అక్కడే ఉండిపోయాను, ఏం జరుగుతుందో చూడకుండా కదలబుద్ధి కాలేదు.

సాయిబు బుధవారం గుడిబండ నుంచి వచ్చాడు. మా వాకిట్లో గుంట తవ్వి, బొగ్గులు రాజేసి, గుండిగను కాల్చాడు. నవాసారం పొడి చల్లగానే తెల్లటి పొగ లేచింది. దూదితో తగరం తిప్పుతుంటే పచ్చటి లోపలంతా పాలు పోసినట్టు తెల్లబడింది.

"ఇంత నున్నగా ఎవరు గీకినారమ్మా? నాకు పని లేకుండా చేసినారే" అన్నాడు.

"నేనేలేప్పా. మంచిగా పెట్టు. ఈసారి లోపల నేను చూసుకుంటా."

శుక్రవారం పొద్దున, బల్ల మీది బిందెలు అట్లాగే వదిలేసి, అమ్మ గుండిగను పాత దుప్పట్లో చుట్టి, నన్నూ నాయననూ వెంటబెట్టుకుని ధర్మవరం బండి ఎక్కింది. అమ్మ శుక్రవారం ఇత్తడి తోమకపోవడం నాకు తెలిసి అదే మొదలు.

మేము నేతగాడి ఇంట్లో అడుగుపెట్టాం. మగ్గం ఆగిపోయింది. అమ్మ గుండిగను నడవ మధ్యలో పెట్టి, దుప్పటి విప్పి, ఆ పిల్లను కేకేసింది.

"ఏమే, ఇట్ల రా. లోపల చూడు. బాగుండాదా?"

పిల్ల వంగి, అంచు మీద వేలితో రాసి చూసింది. "బాగుండాది పెద్దమ్మా."

"మాకు ఒక గుండిగ చారు బాకీ ఉండావు. మా ఇంటికొచ్చి కాచి తీర్చల్ల."

పిల్లకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అమ్మ ఆమె గడ్డం పట్టుకుంది. "ఆ పొద్దు నా నోరు బాగలేదు. నీ మొగం మీద మాట అంటిని. మనసులో పెట్టుకోవద్దు తల్లీ."

మూలన అవ్వ చెయ్యి ఎత్తింది. "అయితే చారు నాక్కూడా పొయ్యండి. ఆ పొద్దే తప్పిపాయ!"

పెళ్ళి ఆ వైశాఖంలోనే పెనుకొండలో జరిగింది. హిందూపురం నుంచి వచ్చిన ఫోటో అతను పెళ్ళికూతురిని కుడి చెంప కనపడేలా తిరగమన్నాడు. అతనిది మంచి ఉద్దేశమే. అమ్మ వెంటనే అంది. "తిన్నగా తియ్యప్పా. ఆమె తిరిగే రకం కాదు." ఆ ఫోటోలో మా మరదలు తిన్నగా చూస్తూ ఉంది. పక్కన తమ్ముడు మాత్రం మళ్ళీ పైకప్పు చూస్తున్నాడు.

అత్తాకోడళ్ళు పోట్లాడుకోలేదని రాయను. చారులో మిరియాలు ఎక్కువని అమ్మ, చింతపండంతా బిందెలకే పోతోందని మరదలు, రోజూ వాదనే. అయితే సాయిబు వచ్చిన రోజు ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ప్రతి గుండిగలో తల పెట్టి చూసేవాళ్ళు.

1983లో అమ్మకు చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత ఎవరు దగ్గరికి వచ్చినా చెయ్యి చాచి చెంప తడిమేది. నున్నగా తగిలితే "ఎవరమ్మా?" అనేది. మచ్చ తగిలితే ఏమీ అడగకుండా చెయ్యి అక్కడే ఉంచేది. 1986లో పోయేముందు కూడా ఆ చెయ్యి అక్కడే ఉంది.

తర్వాత స్టీలు వచ్చింది. బల్ల మీది బిందెలు ఒక్కొక్కటే స్టీలుకు మారకంగా పోయాయి. సాయిబు పని రావడం లేదని కొడుకుల దగ్గరికి వెళ్ళిపోయాడు, కొలిమి తిరిగి పెట్టలేదు. గుండిగ మాత్రం తమ్ముడింట్లో ఉంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో పోయినవి ఇవి: పదిమందికి కాచిన చారు. అందులో కందిపప్పు అర్ధసేరు, హిందూపురం చింతపండు ఒక పిడికెడు, మిరియాలు, జీలకర్ర, రెండు రెమ్మల కరివేపాకు. గుండిగ అంచుకు ఒక చొట్ట. మా మరదలి ఎడమ పాదం మీద రూపాయి బిళ్ళంత తోలు.