తొడుగులు మరిచిన తీగల పిన్ని

ఎలక్ట్రిక్ గిటార్‌కి కేబుల్ కొనడమంటే తీగల పిన్నికి నామోషీ. రేడియోలు బాగుచేసే చేతులతో తనే తయారు చేస్తుంది. ఈ సాయంత్రం ఆమె అక్క కూతురు తొలిసారి స్టేజీ ఎక్కుతోంది. కొన్న కేబుల్ దోమల గుంపులా గుయ్యిమంటుంటే పిన్ని దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

“ఆ స్పీకర్ వైరు లావుగా ఉందిగా, అదే వేసెయ్ పిన్నీ.”

“లావుంటే సరిపోతుందా? మీ బాబాయీ లావే! లోపలి తీగ చుట్టూ రాగి అల్లిక ఉండాలి. లేకపోతే ఇంట్లో కరెంటు గోలంతా నీ పాటలోకొస్తుంది.”

అల్లిక ఉన్న వైరు కోసి, రెండు చివర్లా ప్లగ్గులు పెట్టి టంకం వేసింది. మీటరుతో చూసుకుని లేని మీసం మెలేసింది. అప్పుడు బల్ల మీద ప్లగ్గుల తొడుగులు రెండూ కనిపించాయి. టంకానికి ముందే వాటిని వైరుకి ఎక్కించాలి. ప్లగ్గు పడ్డాక ఎటునుంచీ దూరవు.

“చెప్పులేసుకుని ప్యాంటు వెతుక్కున్నట్టుంది పిన్నీ!”

“నవ్వవే, నవ్వు. మరిచిపోతానని నాకు తెలుసు. అందుకే ఎప్పుడూ జానెడు ఎక్కువే కోస్తా.”

నింపాదిగా ఒక చివర కత్తిరించి, తొడుగులు రెండూ చెరో చివరకి మూతి తిరిగేలా ఎక్కించి, మళ్లీ టంకం వేసి, వాటిని ప్లగ్గులకి బిగించింది.

పిల్ల గిటార్ తగిలించి ఆంప్లిఫయర్ పూర్తిగా పెంచింది. చడీచప్పుడూ లేదు.

“అసలు ఆన్ అయిందా?”

“మీటి చూడవే!”

మీటగానే కిటికీ అద్దాలు అదిరాయి. పక్కింటాయన వచ్చి తలుపు బాదాడు. పిన్ని తలుపు తీసి, “సాయంత్రం ముందు వరసలో కూర్చోండి అన్నయ్యగారూ, ఇంకా బాగా వినిపిస్తుంది” అంది.