సరిహద్దు దాటని మేనమామ

కెనడా రాజకీయాలు అక్కడ పుట్టినవాళ్ళకన్నా నాకే బాగా తెలుసని మా ఆయన వెక్కిరిస్తుంటాడు. నేనుండేది అమెరికాలో, టెక్సాస్‌లోని ప్లేనోలో. కెనడాలో నాకు సెంటు భూమి లేదు, ఓటు అసలే లేదు. ఉన్నదల్లా ఒక ఫ్రెండ్, ఆ ఫ్రెండ్ మీద బోలెడంత కుళ్ళు.

ఇక్కడ ఎమ్మెస్ చదివేటప్పుడు మేమిద్దరం రూమ్మేట్లం. తనది వరంగల్, నాది తెనాలి. ఉద్యోగానికి కావలసిన హెచ్-వన్ వీసా లాటరీలో నా పేరు వచ్చింది, తన పేరు రాలేదు. మరుసటేడు కూడా రాలేదు. దాంతో పెళ్ళి చేసుకుని, మొగుడితో కలిసి కెనడాకి వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు గోంగూర పచ్చడి ప్యాక్ చేసి చేతిలో పెడుతూ, పాపం ఈ పిచ్చిది ఆ మంచులో ఎలా బతుకుతుందో అని తెగ జాలిపడ్డాను. తనిప్పుడు ఆ దేశపు పౌరురాలు. నేను ఇంకా గ్రీన్‌కార్డ్ క్యూలోనే ఉన్నాను. ఆనాటి జాలి గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

శనివారం పొద్దున్నే వీడియో కాల్ పెట్టుకుని ఇద్దరం వంట చేసుకోవడం మాకు అలవాటు. ఫోన్ గోడకి ఆనించి, తనక్కడ ఉల్లిపాయలు తరుగుతుంటుంది, నేనిక్కడ పోపు పెడుతుంటాను. కార్బన్ టాక్స్ అనే మాట నేను మొదట విన్నది ఆ కాల్స్‌లోనే. అక్కడ కార్లో పెట్రోలు కొట్టించుకున్నప్పుడల్లా పర్యావరణం పేరు చెప్పి కొంత పన్ను వేసేవాళ్ళు. వసూలైన దాంట్లో చాలావరకు మూడు నెలలకోసారి మళ్ళీ జనం అకౌంట్లలోనే వేసేవాళ్ళు. బంకు దగ్గర కట్టేది తన మొగుడు, అకౌంట్లో పడింది చూసుకునేది తను. అందుకని ఆయనకి ఆ పన్నంటే మంట, తనకి ముద్దు.

ఆయన్ని నేను అన్నయ్యా అని పిలుస్తాను. కారు బ్రేకులకి కావలసిన పార్టులు చేసే ప్లాంట్‌లో ఇంజనీరు. కెమెరాలో సగం మొహం పెట్టి, "చెల్లే, చలికాలం ఇల్లు వెచ్చగ పెట్టుకున్నందుకు కూడ పన్నేనా? నువ్వే చెప్పు" అనేవాడు. వెనకనుంచి తను, "పిల్లలకి గాలి వద్దా మరి?" అని గరిటె చూపించేది. ఎన్నికలు వచ్చేసరికి వాళ్ళింటి ముందు గడ్డిలో రెండు బోర్డులు వెలిశాయి. ఒకటి తన పార్టీది, ఒకటి ఆయన పార్టీది. మొగుడూ పెళ్ళాం ఆ రెండిటి మధ్యా నిలబడి నవ్వుతూ ఫొటో దిగి నాకు పంపారు.

ఆ ఫొటో చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. మా ఇంటి ముందు బోర్డు పెట్టుకునే యోగం మాకు లేదు. పక్కింటాయన ఎలక్షన్ల సంగతి ఎత్తితే చాలు, మా ఆయన ఎండల గురించి మొదలుపెడతాడు. ప్రభుత్వాన్ని తిట్టిన పోస్ట్‌కి నేను లైక్ కొడితే, "తీసెయ్యి, రేపు వీసా స్టాంపింగ్‌కి వెళ్తే అవన్నీ చూస్తారు" అంటాడు. నేనూ తీసేస్తాను. తను మాత్రం వాళ్ళ ప్రధానిని ఉల్లిపాయలతో పాటు కచకచా తరిగేసి, తిన్నది అరిగించుకుని పడుకుంటుంది.

అంతలో మా దేశం, అదే నేనుంటున్న దేశం, కెనడా వస్తువుల మీద టారిఫ్‌లు వేసింది. అక్కడి వాదన ఒక్కసారిగా మారిపోయింది. జనం మీద ఉన్న కార్బన్ టాక్స్‌ని వాళ్ళ ప్రభుత్వమే ఎత్తేసి, పెద్ద ఫ్యాక్టరీల మీద మాత్రం ఉంచింది. నాయకుల డిబేట్ ఉన్న సాయంత్రం నేను ఆఫీస్ నుంచి తొందరగా వచ్చేసి, లాప్‌టాప్‌లో డిబేట్, ఫోన్‌లో వాళ్ళిద్దరినీ పెట్టుకుని కూర్చున్నాను.

"ఒక దిక్కు అమెరికా టారిఫ్, ఇంకో దిక్కు మనోళ్ళ కార్బన్ ఖర్చు. ప్లాంట్ ఎట్ల బతుకుతది?" అన్నాడు అన్నయ్య.

"అమెరికా కొనకపోతే యూరప్‌కి అమ్ముకోవాలె. వాళ్ళు ముందు కార్బన్ సంగతే అడుగుతరు. అది తీసేస్తే అక్కడ కూడ తలుపు మూస్తరు" అంది తను.

నేను ఇద్దరినీ సరిదిద్దాను. ఏ పార్టీ ఎప్పుడు ఏమన్నదో, ఎప్పుడు మాట మార్చిందో గడగడా అప్పజెప్పాను. తను నోరు తెరుచుకుని విని, "అయితే నువ్వు ఎవరికి ఏస్తవే?" అంది.

అలాంటి ప్రశ్న నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. చదువు చెప్పిన దేశం అడగలేదు, ఉద్యోగమిచ్చి పన్నులు తీసుకుంటున్న దేశం అడగలేదు. పరీక్ష హాల్లో కూర్చున్నంత శ్రద్ధగా ఆలోచించి ఒక పార్టీ పేరు చెప్పాను. తను "ఊఁ" అంది. ఓటేసొచ్చిన రోజు ఫోన్ చేసి, ఇంకో పార్టీకి వేశానని తీరిగ్గా చెప్పింది.

ఇదంతా జరుగుతుండగానే మా అమ్మాయికి వేసవిలో ఓణీల ఫంక్షన్ చేద్దామనుకున్నాం. ఓణీ మేనమామే పెట్టాలి. నాకు అన్నదమ్ములు లేరు. ఇక్కడ మాలాంటివాళ్ళం ఫ్రెండ్స్‌లోనే మేనమామల్ని వెతుక్కుంటాం. అన్నయ్యని అడిగితే ఎప్పుడో ఒప్పుకున్నాడు. ఊళ్ళో మగవాళ్ళందరినీ అంకుల్ అని పిలిచే మా అమ్మాయి, ఆయన ఒక్కడినీ మామయ్య అనడం నేర్చుకుంది. హాల్ బుక్ చేశాం, కేటరింగ్‌కి చెప్పాం. అప్పుడొక శనివారం తను వంకాయలు కోస్తూ, నా వైపు చూడకుండా, "ఆయన వస్తలేడే" అంది.

నేను ఫోన్ అన్నయ్యకి ఇవ్వమన్నాను.

"చెల్లే, మా ప్లాంట్‌ల ఒక షిఫ్ట్ తీసేసిండ్రు. టారిఫ్ పోయేదాక అమెరికాల అడుగు పెట్టొద్దని మా టీమ్ అందరం అనుకున్నం. ఒకాయన ఏటా పోయే ఫ్లోరిడా ట్రిప్ మానుకున్నడు. నేను ప్లేనో వచ్చి ఫొటోలు దిగితే, వాళ్ళ మొహాలు ఎట్ల చూస్త?"

"మేం వేశామా అన్నయ్యా ఆ టారిఫ్?"

"మీరు ఎయ్యలే. కని, మీరున్న దేశం ఏసింది కద."

ఫోన్ పెట్టేసి, స్టవ్ ఆపేసి, పెరట్లోకి వెళ్ళి ఎండలో నిలబడ్డాను. ఆయన రానందుకు బాధ ఉండాలి. ఉంది కూడా. కానీ దానికన్నా పెద్దగా కడుపుమంట లేచింది. నా పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు ఎప్పుడో అయిపోయింది. బయటికి వెళ్తే తిరిగి రావడం గ్యారంటీ లేదు, కదలొద్దన్నాడు లాయర్. మా చెల్లి పెళ్ళి ఇదే వంటింట్లో, ఇదే ఫోన్‌లో చూశాను. నేను దాటలేని సరిహద్దు దగ్గర నిలబడి, ఆయన దాటనని పంతం పడుతున్నాడు. రాలేకపోవడానికీ రాననడానికీ ఎంత తేడా ఉందో ఆయనకి తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు, పాస్‌పోర్ట్ ఉంది కదా.

చివరికి తను ఒక్కతే వచ్చింది, సూట్‌కేసులో ఓణీ పెట్టుకుని. ఎయిర్‌పోర్ట్‌లో నన్ను కావలించుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. ఆమె చేతిలో నీలంరంగు కెనడా పాస్‌పోర్ట్ మీదే నా కళ్ళున్నాయి.

ఫంక్షన్ రోజు పంతులు గారు, "మేనమామ గారు ఓణీ పళ్ళేనికి చెయ్యి తగిలించాలమ్మా" అన్నారు. మేనమామ ఫోన్‌లో ఉన్నాడని చెప్పాం. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అయితే ఫోనే తగిలించండి" అన్నారు. తను ఫోన్‌ని పళ్ళెంలో కొబ్బరికాయకి ఆనించింది. తెర మీద అన్నయ్య పట్టు చొక్కా వేసుకుని, గుప్పిట్లో అక్షింతలతో కూర్చుని ఉన్నాడు. వెనక కిటికీలోంచి పచ్చిక కనబడుతోంది. బోర్డులు తీసేశారు.

మా అమ్మాయి పీటల మీదనుంచి వంగి, ఫోన్ దగ్గరకి మొహం పెట్టింది. ముందే ఆలోచించి పెట్టుకున్నదానిలా అంది.

"సారీ మామయ్యా. మా కంట్రీ నీకు ఇలా చేసింది. ఐ ఫీల్ రియల్లీ బ్యాడ్. నాకు ఎయిటీన్ వస్తే నేను ఓట్ చేస్తా, ఓకే?"

అన్నయ్య అక్షింతలు తెర మీద వేసేశాడు. అవి అక్కడే ఎక్కడో వాళ్ళ టేబుల్ మీద పడ్డాయి. తర్వాత కెమెరా కింద మొహం దాచుకున్నాడు. హాల్లో ఆంటీలందరూ, "ఎంత బాగా చెప్పిందో బంగారుతల్లి" అని ముక్కున వేలేసుకున్నారు.

ఇన్ని శనివారాల్లో ఆయనకి సారీ చెప్పాలని నాకొక్కసారైనా తోచలేదు. తోచినా ఎవరి తరఫున చెప్పను? దేశం తప్పుచేస్తే సిగ్గుపడడానికైనా అది మనదై ఉండాలి. నేను తొమ్మిది నెలలు మోసి కన్న పిల్లకి, ఈ నేల మీద పుట్టినందుకు, ఆ సిగ్గు ఊరికే వచ్చింది. అంతమందిలో, మంగళవాద్యాల మధ్య, పీటల మీద కూర్చున్న నా కూతుర్ని చూసి కుళ్ళుకున్నాను.

తను నా పక్కకొచ్చి చెయ్యి పట్టుకుంది. "ఏందే, ఏడుస్తున్నవ్?"

"పిల్ల పెద్దదైపోయింది కదా, అందుకే" అన్నాను. తను నమ్మింది.