నా నోటి మీద ఆయన మొక్కు

రేడియేషన్ మొదలయ్యాక నాలుకకి రుచి పోతుందని డాక్టరు చెప్పినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న, ఎప్పుడు పోతుంది అని. బతుకుతానా అని అడగాల్సిన అవసరం రాలేదు. గొంతులో గడ్డ చిన్నదని, తొందరగా దొరికిందని, భయం లేదని ఆయనే ముందు చెప్పేశాడు. రుచి సంగతి మాత్రం భరోసా ఇవ్వలేనన్నాడు. కొందరికి ఏడాదికి తిరిగొస్తుందట, కొందరికి అసలు రాదట, వచ్చినా పాతది కాకపోవచ్చట. రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా మొహానికి మాస్కు చెయ్యాలి, పళ్లు చూపించుకోవాలి, ఇంకా మూడు వారాలు పడుతుంది, ఈలోపు నచ్చినవన్నీ తినెయ్యండి అని నర్సు నా భుజం తట్టింది.

స్పెయిన్‌లో సెవిల్‌కి టికెట్లు అప్పటికే కొనేసి ఉన్నాయి. మా పెళ్లయి పాతికేళ్లయిందని నేను పట్టుబట్టి పెట్టించుకున్న ప్రయాణం అది. నిక్షేపంగా వెళ్లిరమ్మన్నాడు డాక్టరు. అట్లాంటా పక్కన ఆల్ఫారెట్టాలో మా ఇంటి సోఫాలో కూర్చుని నెలల తరబడి ఆ ఊరి తిండి వీడియోలు చూశాను. నేను కాకినాడలో పుట్టినదాన్ని. మా ఇంట్లో చేప వండలేదంటే ఎవరో పోయారని పక్కింటివాళ్లు పలకరించడానికి వచ్చేవారు. అలాంటి నాలుక ఎలాగూ పోతోంది, సెవిల్‌లో దానికి రిటైర్‌మెంట్ ఫంక్షన్ ఘనంగా చేసి పంపిద్దామనుకున్నాను.

మాతో ఇంకో జంట వస్తున్నారు. ఆయన మా వారి కాలేజీ స్నేహితుడు. నేను అన్నయ్యగారు అంటాను, ఆయన భార్యని వదినా అంటాను. ఆవిడా నన్ను వదినా అనే పిలుస్తుంది. మంచి మనిషని అందరూ అంటారు, ఆవిడకి కూడా ఆ సంగతి బాగా తెలుసు. ఏ ఊరు వెళ్లినా ఆవిడ పెట్టెలో రైస్ కుక్కరు, కందిపొడి, గోంగూర పచ్చడి ఉండి తీరతాయి.

అట్లాంటా ఎయిర్‌పోర్టులో, ఇంకా విమానం ఎక్కకముందే, చికెన్ సాండ్‌విచ్ కొందామని లైన్లో నిలబడ్డాను. మా వారు వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నారు.

"వద్దు. నువ్వు తినకూడదు."

"ఏం, డాక్టర్ ఏమైనా ఫోన్ చేశాడా?"

"అది కాదు. మొన్న టెంపుల్‌కి వెళ్లినప్పుడు మొక్కుకున్నాను. నీ ట్రీట్‌మెంట్ పూర్తయి, స్కాన్ క్లియర్‌గా వచ్చేదాకా నువ్వు నాన్‌వెజ్ ముట్టుకోవని."

నేను లైన్లోనే నిలబడిపోయాను. వెనకాయన నన్ను దాటుకుని ముందుకు వెళ్లాడు. "నేను ముట్టుకోనని మీరు మొక్కుకున్నారా?" అన్నాను. వదిన వచ్చి నా వీపు నిమిరింది. ఏదో ఒకటి వదులుకుంటేనే స్వామి వింటాడని తనే మా వారికి చెప్పానంది. వదులుకోవడానికి ఆయనకి ఆయనది ఒక్కటీ గుర్తు రాలేదు, నా నోరు గుర్తొచ్చింది. నాకు తప్ప మిగిలిన ముగ్గురికీ ఈ సంగతి తెలుసు.

"ట్రీట్‌మెంట్ అయ్యాక నాకు రుచే ఉండదు కదండీ. సెవిల్‌లో ఉండే ఈ ఐదు రోజులే కదా నాకున్నవి. కావాలంటే వచ్చాక మానేస్తాను."

"మొక్కులో అడ్జస్ట్‌మెంట్లు ఉండవు," అన్నారు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి ఆయనకి. "నాకు తిండి ఇంపార్టెంట్ కాదు. నువ్వు ఇంపార్టెంట్."

అంత ప్రేమ చూపిస్తుంటే తిట్టడానికి కూడా వీల్లేకుండా పోయింది. ఒళ్లు మండిపోయింది. దేవుడంటే నాకంత భయం లేదు. మామూలు రోజుల్లో అయితే ఆ సాండ్‌విచ్ ఆయన ఎదురుగా కూర్చుని తినేదాన్ని. కానీ ఆ భయం లేదని పందెం కాయడానికి అప్పుడు నా దగ్గరున్నది నా గొంతు ఒక్కటే. రేపు స్కాన్‌లో ఏ మచ్చ కనిపించినా, ఆ చికెన్ ముక్క వల్లే అని వీళ్లంటారు. అది పోనీ, అర్ధరాత్రి మెలకువ వస్తే నేనూ అనుకుంటాను. ఆయన నన్ను కట్టేసింది అక్కడ. లైన్లోంచి వచ్చేశాను.

సెవిల్ గురించి అబద్ధం చెప్పను, అంత జీవమున్న ఊరు నేనెక్కడా చూడలేదు. మా ఆల్ఫారెట్టాలో ఎనిమిది దాటితే వీధిలో కుక్కని తిప్పేవాడు తప్ప మనిషి కనపడడు. అక్కడ తొమ్మిదింటికి ముసలమ్మలు లిప్‌స్టిక్ వేసుకుని బయల్దేరుతున్నారు. వీధులు సన్నగా, గోడలు పచ్చగా, నారింజ చెట్ల పూల వాసన, ప్రతి మలుపులోనూ ఒక బారు. కుర్చీలు దొరకవు. పీపాల మీద ప్లేట్లు పెట్టుకుని, చంకలో పిల్లల్ని వేసుకుని, నిలబడి తింటూ ఒకటే కబుర్లు. పైకప్పు నుంచి పంది తొడలు వేలాడుతుంటాయి, కింద చీరల షాపులో కొలిచినంత నిదానంగా ఒకాయన వాటిని పల్చగా కోస్తుంటాడు. నాకు నోట్లో నీళ్లూరేవి. ఇంకో నెలకి ఆ నీళ్లు కూడా ఊరవని నర్సు చెప్పే ఉంది.

మేము అద్దెకి తీసుకున్న ఇంట్లో వదిన పొద్దున్నే కుక్కరు పెట్టేది. "బయటి ఫుడ్ పడదు వదినా, ఈ టైంలో నువ్వు లైట్‌గా తినాలి," అని పెరుగన్నం కలిపి నా ముందు పెట్టేది. సెవిల్‌లో, బాల్కనీలో కూర్చుని, కింద వీధిలో చేపలు వేగుతుంటే, పెరుగన్నం తిన్నాను నేను.

మూడో రోజు సాయంత్రం ఒక బారుకి వెళ్లాం. నాకు పాలకూర వేసిన శనగలు చెప్పారు మా వారు. అది ఆ ఊరి ప్రత్యేకమట. మా వారికి, అన్నయ్యగారికి వెల్లుల్లి రొయ్యలు వచ్చాయి. చిన్న మట్టి మూకుడులో నూనె ఇంకా కుతకుతలాడుతోంది, ఎండుమిరపకాయ ముక్కలు పైకి తేలాయి.

"మీరు తింటారా?" అన్నాను.

"నేను నా గురించి మొక్కుకోలేదుగా," అన్నారాయన. ఏ కల్మషమూ లేదు ఆ గొంతులో, అదే నా ఖర్మ. ఫోర్కుతో ఒక రొయ్య తీసి కళ్లు మూసుకుని నమిలారు. నేను చూస్తున్నానని గమనించి, నా చేతి మీద చెయ్యి వేశారు. "నువ్వు మిస్ అవకుండా చెప్తాను విను. వెల్లుల్లి బాగా మాడ్చాడు, కానీ చేదు లేదు. రొయ్య లోపల తియ్యగా ఉంది. మన గోదావరి రొయ్యకంటే కొంచెం గట్టి. ఆ నూనె ఉంది చూశావ్, అది బ్రెడ్‌తో తింటే..."

"చాలు," అన్నాను.

"వద్దంటే మానేస్తాను," అని చిన్నబుచ్చుకుని, ఇంకో ప్లేటు చెప్పారు.

ఆ మర్నాడు అక్కడివాళ్ల డాన్సు చూడ్డానికి వెళ్లాం. చిన్న గది, చెక్క వేదిక. నాట్యగత్తె మడమలతో కొడుతుంటే ఆ దరువు నా కుర్చీ కాళ్లలో తెలుస్తోంది. వెనక కుర్చీలో ఒక లావుపాటి ఆవిడ మెడ నరాలు ఉబ్బేలా పాడింది. పాడింది అనకూడదు, అరిచింది. ఏంటిది, శోకాలు పెడుతున్నట్టుంది అంది వదిన నా చెవిలో. నాకు మాత్రం అక్కడికొచ్చాక మొదటిసారి ప్రాణం హాయిగా ఉంది. డబ్బులిస్తే నా బదులు కూడా అరుస్తుందేమో అడగాలనిపించింది.

చివరి రోజు మధ్యాహ్నం ముగ్గురూ నిద్రపోతుంటే తలుపు చప్పుడు కాకుండా వేసి బయటపడ్డాను. వంతెన దాటి అవతలి ఒడ్డుకి వెళ్లాను. సందులో ఒక చిన్న బారు. కౌంటరు దగ్గర నిలబడి, పక్కవాడి మూకుడు వైపు వేలు చూపించాను. రొయ్యలు వచ్చాయి. బ్రెడ్డు తుంచి పట్టుకున్నాను. నూనెలో ముంచితే తిన్నట్టా, ముంచి వాసన చూస్తే తిన్నట్టా అని లెక్కలు వేసుకున్నాను. ఇంత చదువు చదివి, ఇన్నేళ్లు అట్లాంటాలో ఉద్యోగం చేసి, కౌంటరు దగ్గర నిలబడి బ్రెడ్డు ముక్కతో దేవుడికి లొసుగులు వెతుకుతున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఫోను మోగింది.

"ఎక్కడున్నావ్? అందరం కంగారు పడుతున్నాం."

"నది దగ్గర."

"ఏం తినట్లేదు కదా?"

లేదన్నాను. అది నిజమే. అప్పటికి నూనె కుతకుత ఆగిపోయింది. పక్కన నిలబడ్డ ముసలాయన వైపు మూకుడు జరిపాను. ఆయన నన్ను ఒకసారి, మూకుడుని ఒకసారి చూసి, ఏమీ అడగకుండా తినడం మొదలుపెట్టాడు. చివరిదాకా తిని, మూకుడు బ్రెడ్డుతో తుడుచుకున్నాడు. అదంతా నిలబడి చూసి మరీ వచ్చాను.

రేడియేషన్ రెండో వారంలో ఒక పొద్దున కాఫీ తాగి, పాలు విరిగాయేమో అని పారబోశాను. రెండోసారి పెట్టుకున్నదీ అంతే. విరిగింది పాలు కాదు. ఆ తర్వాత నోరంతా పుళ్లు, కొన్ని వారాలు గొట్టంతో తిండి. వాటి గురించి రాయబుద్ధి కావడం లేదు.

స్కాన్ క్లియర్‌గా వచ్చింది. మొక్కు చెల్లించారు. ఆ ఆదివారం మా ఇంటికి స్నేహితులందరినీ పిలిచారు మా వారు. వంట ఆయనే చేశారు, వెల్లుల్లి రొయ్యలు. వాసన నాకు తెలుస్తోంది. అదొక్కటీ పోలేదు, నన్ను ఏడిపించడానికి మిగిలింది. అందరి ముందూ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మొదటి రొయ్య ఆయన చేత్తో నా నోట్లో పెట్టారు. ఎవరో ఫోనులో వీడియో తీస్తున్నారు. నమిలాను. తడి రబ్బరు నమిలినట్టుంది. గొంతు దిగక నీళ్లు తాగి దింపుకున్నాను.

"ఎలా ఉంది? సెవిల్‌లో తిన్నంత బాగుందా?" అన్నారాయన.

"సెవిల్‌లో నేను తినలేదండీ."

ఆయన ఒక క్షణం ఆలోచించి, పగలబడి నవ్వారు. "అవును కదూ. తిన్నది నేను." చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ఆయన వాళ్ల వైపు తిరిగి, నా భుజం మీద చెయ్యి వేసి, "మా ఆవిడ ఎంత స్ట్రాంగో తెలుసా? ఎదురుగా పెట్టుకుని కూడా ఒక్కటి ముట్టుకోలేదు," అన్నారు. చప్పట్లు కొట్టారు. నిజంగానే కొట్టారు, అన్నయ్యగారైతే లేచి నిలబడి కొట్టారు.

"నాకేం తెలియట్లేదు," అన్నాను. చప్పట్లు ఆగాయి. "ఉప్పు లేదు, కారం లేదు, రొయ్య లేదు. ఏ రుచీ రావట్లేదు. డాక్టర్ ఇంక రాకపోవచ్చంటున్నాడు."

వీడియో తీస్తున్న అమ్మాయి ఫోను దించింది. వదిన వచ్చి నా పక్కన కూర్చుని, వీపు నిమిరింది.

"తప్పకుండా వస్తుంది వదినా. దానికీ ఒక మొక్కు మొక్కుకుందాం," అంది.

నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపేలోపే, మా వారు కళ్లు మూసుకున్నారు.