అప్పకు మిగిలిన మాట

మాది బరంపురం బడా బజార్. కింద బావ పప్పుల హోల్‌సేల్ కొట్టు, పైన ఇల్లు. అప్ప అంటే మా వైపు అక్క. పక్కింటి ఒడియా వాళ్ళు ఆవిణ్ణి అపా అనేవారు. ఒత్తు ఒక్కటే తేడా, రెండు భాషల్లోనూ అందరికీ అక్కే. అమ్మ పోయేనాటికి నాకు ఊహ తెలీదు. గంజాంలో నాన్న చిన్న కొట్టు పెట్టుకుని, నన్ను సాకలేక నానా అవస్థ పడుతుంటే, పెళ్ళై కాపురానికి వస్తూ అప్ప నన్ను కూడా చంకనేసుకుని వచ్చేసింది. సారెతో పాటు చెల్లెల్ని తెచ్చుకున్న పెళ్ళికూతురని బజారంతా నవ్విందట. బావ మాత్రం ఏమీ అనలేదు. ఆయన దేనికీ గొంతు పెంచే మనిషి కాదు. వాళ్ళకి పిల్లలు పుట్టలేదు, నేనే ఉన్నాను.

అప్ప నోరు గురించి ఏం చెప్పమంటారు! కొట్టు మీద కూర్చుందంటే తెలుగులో బేరం ఎత్తుకుని, ఒడియాలో తెంచి, కొన్నవాడు మెట్లు దిగుతుంటే మళ్ళీ తెలుగులో ఓ మాట అంటించేది. వాళ్ళూ అందుకోసమే వచ్చేవారేమో. బావ లెక్క చూసుకుంటూ ముసిముసిగా నవ్వేవాడు. నన్ను బళ్ళో వేసిన రోజు గేటు పట్టుకుని ఏడుస్తుంటే, అంత మాటకారి మనిషి బుజ్జగించడానికి ఒక్క ముక్క ఖర్చు పెట్టలేదు. "ఏటి!" అంది. అది ఏమిటని అడగడం కాదు. పుల్ల విరిచినట్టు పొట్టిగా అంది. చాలించు, నడు అని దానికి అర్థం. భుజాలు పట్టుకుని నన్ను లోపలివైపు తిప్పి ఒక్క తోపు తోసింది. తర్వాత పరీక్షలకి భయపడ్డా, ఉద్యోగానికి మొదటిరోజు గడప దాటనన్నా అదే మాట, అదే తోపు.

పోయినేడు ఒక పొద్దున్న పోపు పెడుతూ పెడుతూ పడిపోయింది. కుడి చెయ్యీ కాలూ చచ్చుబడ్డాయి. ఆసుపత్రిలో డాక్టరు వంగి "తుమొ నా కొణొ?" అని ఒడియాలో పేరు అడిగాడు. అప్ప ఆయన మొహంలోకి చూసి "ఏటి" అంది. తెలుగు తప్ప రాదనుకున్నాడో ఏమో, నన్ను అడగమన్నాడు. అప్పా, నేనెవరే అన్నాను. "ఏటి" అంది. మెదడులో మాట ఉండే చోట దెబ్బ తగిలిందనీ, కొంతమందికి ఒకటీ అరా మాటలు మిగులుతాయనీ, మనం చెప్పేది మాత్రం చాలావరకు అర్థమవుతుందనీ ఆయన చెప్పాడు. రెండు భాషల్లో గలగలలాడిన మా అప్పకి ఒక్క మాట మిగిలింది. ఆకలేసినా ఏటి, నొప్పి పుట్టినా ఏటి, నేను పాఠాలు చెప్పే బడి నుంచి ఆలస్యంగా వస్తే మెట్ల పైనుంచి ఏటి. కాలు కాస్త కుదుటపడి, ఎవరైనా చెయ్యి ఊతమిస్తే నడిచేది. మాట మాత్రం రాలేదు.

భువనేశ్వర్ తీసికెళ్ళి చూపించాం. ఇంట్లో రోజూ మాట్లాడించమన్నారు. మేం మాట్లాడించడమంటే ఎలా ఉండేదో చెబుతాను. అప్ప నోరు తెరిచేలోపే బావ "నీల్లా? అన్నమా? ఫ్యానేయాలా?" అని వరసపెట్టి అడిగేవాడు. వచ్చిన చుట్టాలు ఇంకా నాలుగు కలిపేవారు. పొడుపుకథ విప్పినట్టు అందరికీ సరదా. అప్పకి ఒళ్ళు మండిపోయి మొహం గోడవైపు తిప్పేసుకునేది. చూస్తూ చూస్తూ నాకు ఏడుపొచ్చేది.

నేను ఊరి చివర హల్దియాపదర్‌లో ఒక ప్రైవేటు బళ్ళో ఇంగ్లీషు చెబుతాను. ఆ రోజుల్లోనే మాల్టాలో నాలుగు వారాల ట్రైనింగుకి ఎంపికయ్యానని కబురొచ్చింది. ఇంగ్లీషు రానివాళ్ళకి ఇంగ్లీషు నేర్పడం ఎలాగో అక్కడ నేర్పుతారు. ఎప్పుడో దరఖాస్తు పెట్టి మర్చిపోయిన సంగతి. ఇప్పుడెక్కడికి వెళ్ళగలను అనే అనుకున్నాను. తర్వాత ఒక ఆశ పుట్టింది. భాష బొత్తిగా రానివాడి నోట్లోంచి మాట ఎలా రప్పించాలో చెబుతారట కదా. బళ్ళో పిల్లల కోసం వెళ్తున్నానని అందరికీ చెప్పాను. నేను వెళ్ళింది మా అప్ప కోసం. నాలుగు వారాలాగి వచ్చి దాని చేత మళ్ళీ మాట్లాడిస్తాను, నన్ను పేరు పెట్టి పిలిపించుకుంటాను, అంతే.

బయల్దేరే రోజు మెట్ల దగ్గర ఆగిపోయాను. సంచీ కింద పెట్టేసి "నాను ఎల్లన్లే అప్పా" అన్నాను. "ఏటి!" అంది. అదే పొట్టి ఏటి. పనిచేసే ఎడమ చేత్తో సంచీని నా కాళ్ళ మీదికి తోసింది. బావ నవ్వాడు, నేనూ నవ్వి సంచీ ఎత్తుకున్నాను.

మాల్టా చిన్న దీవి. ఎటు నడిచినా సముద్రమే, ఎటు చూసినా తేనెరంగు రాతిగోడలే. మాంసం చేపా ముట్టని ఇంట్లో పుట్టినదాన్ని, రొట్టె, ఉడికించిన చిక్కుడు గింజలు, టమాటాలతో లాక్కొచ్చాను. మాకు నేర్పే ఆవిడ పెద్దావిడ. కోపమొస్తే అరవదు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంది. మొదటిసారి నేను ఇంగ్లీషు రాని ఒకమ్మాయికి పాఠం చెప్పినప్పుడు తెగ తుడుచుకుంది. "నువ్వే అడిగావు, నువ్వే చెప్పేశావు. మరి ఆ అమ్మాయి ఎందుకొచ్చినట్టు? అడిగాక నోరు మూసుకో. మనిషి మాట వెతుక్కుంటున్నప్పుడు చేతికి అందించకు" అంది. నాకు తిక్కరేగింది. మా బళ్ళో రెండు నిమిషాలు నోరు మూసుకుంటే పిల్లలు కప్పు లేపేస్తారమ్మా అని అందామనుకున్నాను. గదికి వెళ్ళి కాళ్ళు కడుక్కుంటుంటే తట్టింది. మేం అప్పకి చేస్తున్నది అదే కదా! దాని నోట్లో మాట మొలవకుండా అందరం కలిసి తొక్కేస్తున్నాం.

అక్కడ పొద్దున్న నేను క్లాసుకి తయారయ్యే వేళకి ఇక్కడ అప్ప భోజనం వేళ. రోజూ వీడియో కాల్ చేసేదాన్ని. మర్నాడు బావకి చెప్పాను, గ్లాసుతో నీళ్ళు చూపించు, ఏం కావాలని అడుగు, తర్వాత పెదవి కదపకు అని.

"దాహంతో ఉన్న మనిషికి నీల్లు సూపించి ఊరుకోమంతావేటమ్మీ? పాపం కదా" అన్నాడు బావ.

"నువ్వు మాట్లాడితే ఫోన్ పెట్టేస్తాను బావా."

ఊరుకున్నాడు పాపం. అప్ప గ్లాసు చూసి "ఏటి" అంది. ఇవ్వలేదు. బావ మొహం చూసి, ఫోన్లో నన్ను చూసి, తిట్టే ఏటి ఒకటి అంది. ఎవరం కదల్లేదు. మొదటి రోజు రాలేదు, మర్నాడూ రాలేదు, బావే ఓడిపోయి తాగించేశాడు. రెండో వారం చివర్లో ఒకరోజు అప్ప నొసలు ముడిచింది. పెదాలు బిగించి, నాలిక పళ్ళకి ఆనించి చాలాసేపు తంటాలు పడింది. "నీ..." అంది. "నీ..." అని ఆగిపోయింది. అంతే వచ్చింది. బావ గ్లాసు పట్టుకునే వలవలా ఏడ్చేశాడు. నేను వరండాలోకి పరిగెత్తి, ఎదురొచ్చిన మా క్లాసు టర్కీ ఆవిణ్ణి కావిలించుకుని ఏదేదో వాగాను. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా నాతో పాటు గెంతింది. ఇంకో రెండు వారాలే, వెళ్ళి నేనే కూర్చుని రప్పిస్తాను అనుకున్నాను.

మూడో వారంలో బావ ఫోన్ కింద పడి కెమెరా పాడైందన్నాడు. నేను చేస్తే పలికేవాడు. అప్ప పడుకుందనీ, స్నానం చేయిస్తున్నారనీ, కాళ్ళకి వ్యాయామం చేయించే అబ్బాయి వచ్చాడనీ చెప్పేవాడు. గొంతు బొంగురుగా ఉందేం బావా అంటే జలుబన్నాడు. పాఠాలు రాసుకోవడం, చెప్పడం, చివాట్లు తినడంతో నాకూ ఊపిరాడ్డం లేదు. నమ్మేశాను.

ఆ వారమే మాకో పని పెట్టారు. ఒక్కొక్కరూ తమ భాషలో కాసింత పాఠం చెప్పాలి. ఇంగ్లీషు ముక్క రాకూడదు. తక్కినవాళ్ళు పళ్ళూ రంగులూ అంకెలూ నేర్పారు. నేను ఒక్క మాట నేర్పాను. మూత పెట్టిన డబ్బా చూపించి, అడుగుతున్నట్టు "ఏటి?" అన్నాను. మూత తీసి ఖాళీ డబ్బా చూసి, కళ్ళు ఇంతలేసి చేసుకుని "ఏటీ!" అన్నాను. బ్రెజిల్ కుర్రాడు నవ్వుతూ అల్లరి చేస్తుంటే వాడివైపు తిరిగి పొట్టిగా "ఏటి!" అన్నాను. టక్కున నోరు మూసుకున్నాడు. చివరికి అరచెయ్యి వెల్లకిలా తిప్పి, ఏం చేస్తాం, మన చేతుల్లో ఏముంది అన్నట్టు "ఏటీ..." అని దీర్ఘం తీశాను. అన్నీ అప్ప ఏటిలే. నేను కొత్తగా కల్పించింది ఏమీ లేదు. టర్కీ ఆవిడ ఆ ఆఖరిది ఎంత బాగా అందంటే, మా బజారులో పుట్టిన మనిషే అనుకోవాలి. నేర్పే ఆవిడ ఆ రోజు కళ్ళజోడు తీయలేదు. క్లాసంతా కలిసి ఏటి ఏటి అంటుంటే ఫోన్లో పట్టి బావకి పంపించాను, అప్పకి వినిపించు అని. సాయంత్రం జవాబొచ్చింది. "విన్నది. నవ్వుతా ఉంది."

ఆ నవ్వు తల్చుకుంటూనే కోర్సు పూర్తి చేశాను.

బరంపురం స్టేషన్లో దిగేసరికి ఎండ దంచేస్తోంది. బావ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు, నెత్తికి ఉన్ని టోపీ. ఈ ఎండలో ఇదేం వేషం బావా అని నోటిదాకా వచ్చింది. దగ్గరకొచ్చాక మొహం చూశాను. మీసం లేదు. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఉన్న మీసం. మా ఇళ్ళలో మగవాళ్ళు మీసం ఎప్పుడు తీయిస్తారో పసిపిల్లలకి కూడా తెలుసు. ఓలమ్మో అని సంచీ మీదే కూలబడిపోయాను.

పెద్దకర్మ కూడా అయిపోయింది. అస్థికలు గంజాం తీసికెళ్ళి ఋషికుల్య సముద్రంలో కలిసే మొగలో, మేం పుట్టిన ఊరి నీళ్ళలో కలిపేశారు. నాకు చూడ్డానికి మిగిలింది ఒక ఫొటో, దానికో దండ.

ఇంట్లోకి వచ్చాక నా నోటికి అడ్డు లేకపోయింది. చుట్టాలున్నారని చూడలేదు, పెద్దవాడని చూడలేదు. "నవ్వుతా ఉందని రాసినావు కదా బావా! నీకు సెయ్యెలా వచ్చింది?" అని అరిచాను.

బావ ఫొటో వైపు చూశాడు. "దీని ముందర పెట్టి వినిపించేనమ్మీ. నవ్వుతానే ఉన్నాది కదా" అన్నాడు.

ఆ మాటకి కరిగిపోవాల్సింది. కరగలేదు. ఇంకా మండింది. నా అప్పని నాకు చూపించకుండా కాల్చేశారని అన్నాను. కడసారి గొంతులో నీళ్ళు పొయ్యనివ్వలేదని అన్నాను. అనరానివన్నీ అన్నాను. బావ అన్నీ అయ్యేదాకా విని అప్పుడు చెప్పాడు. ఫోన్ పాడైందన్న రోజు తెల్లారకుండానే రెండోసారి పక్షవాతం వచ్చిందట. ఆసుపత్రిలో మంచం మీద కాస్త తెలివిగానే ఉందట. "నీకు ఫోన్ సెయ్యబోయేను. నీ బొమ్మొచ్చింది కదా, సూసింది. సూసి ఎడం సెయ్యి ఫోన్ మీద ఏసేసింది. నీకు సెప్పొద్దంది."

"ఒక్క మాట తప్ప లేని మనిషి సెప్పొద్దని ఎలా సెప్పింది? నీ తప్పు కప్పెట్టుకోడానికి దాని మీద పెడతన్నావా?"

బావ ఎడమ చెయ్యి లేపి, ముందుకి తోస్తూ "ఏటి!" అన్నాడు.

పుల్ల విరిచినట్టు పొట్టిగా అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ అలా గదమాయించని మనిషి నోట్లోంచి అచ్చం అప్ప గొంతు వచ్చింది. అది అబద్ధంగా అనడం ఆయన తరం కాదు, ఎవరి తరమూ కాదు. బడి గేటు దగ్గర విన్నది అదే. సంచీ తోసినప్పుడు విన్నదీ అదే. పోతూ పోతూ కూడా నన్ను లోపలికి తోసింది మా అప్ప. బావ పక్కన కూలబడి ఇద్దరం గొంతెత్తి ఏడ్చాం.

వేసవి సెలవులయ్యి బడి తెరిచారు. బావ కొట్టు తెరిచాడు, మెట్ల దగ్గర నిలబడి టిఫిన్ డబ్బా అందించాడు. హల్దియాపదర్ దాకా ఆటోలో బాగానే వెళ్ళాను. గేటు ముందు దిగాక అడుగు పడలేదు. పిల్లలు నన్ను దాటుకుని లోపలికి పోతున్నారు. గంట కొట్టేశారు. కదలాలి, ఆ పొట్టి ఏటి అనేవాళ్ళు లేరు కదా, నేనే అనుకుంటే సరి అని, పైకే అన్నాను.

"ఏటి?"

అడిగినట్టే వచ్చింది. మళ్ళీ అన్నాను. మళ్ళీ అలాగే వచ్చింది.