ఎవరూ కూర్చోని డ్రైవరు సీటు

మా ముత్తాతగారు చల్లపల్లి దగ్గర మా ఊరికీ, ఆ పక్క ఊళ్ళకూ మునసబు. ఆయన అరుగు మీద తీరిన తగాదా కోర్టు గడప తొక్కేది కాదు. మా తాతగారు సమితి ప్రెసిడెంటుగా చేశారు. కలెక్టరు అటువైపు వస్తే భోజనం మా ఇంట్లోనే. పెదనాన్నా, నాన్నా ఏ పదవీ చేయలేదు గాని, వాళ్ళు బస్సెక్కితే ముందు సీటు ఖాళీ అయ్యేది. ఇవి గొప్పల కోసం రాయడం లేదు, జరిగినవి కాబట్టి రాస్తున్నాను. పొలం సీలింగులో కొంత, దావాల్లో కొంత పోయింది. చివరికి మా ఇంటి పేరు చెబితే ఊరికి గుర్తొచ్చేది ఒక్కటే మిగిలింది, తాతగారి నల్లకారు.

ఆ కారు మీద నాకు హక్కుందని ఈ రోజుకీ అంటాను. కాలవ గట్టు మీద తాతగారు నాకు డ్రైవింగ్ నేర్పింది దాని మీదే. ఆడపిల్లకు కారెందుకని అడిగిన వాళ్ళకు ఆయన జవాబు కూడా చెప్పలేదు. "కళ్ళు రోడ్డు మీద ఎంతుంటాయో ఆ ముల్లు మీదా అంతుండాలి" అనేవారు. ఇంజన్ ఎంత కాగిందో చూపే మీటరులోని ముల్లు అది. గట్టు చివర కారాపి, రేడియేటర్లో నీళ్ళు నాచేత పోయించేవారు.

ఆయన పోయాక కారు మా పెదనాన్న కొడుకు పేరు మీదకు వెళ్ళింది. నాకు అన్నయ్య. పెద్ద శాఖ వాడు కాబట్టి వెళ్ళింది, నన్నెవరూ అడగలేదు. అతను కారును షెడ్డులో పెట్టి, డ్రైవరు సీటు మీద తాతగారి జరీ కండువా పరిచాడు. ఆ సీట్లో ఇంకెవరూ కూర్చోకూడదన్నాడు. అంటే కారు నడవదు. దసరా నాడు మాత్రం పూజ చేసి స్టార్ట్ చేస్తారు. అదైనా సీట్లో కూర్చుని కాదు. అన్నయ్య తలుపు తెరిచి, బయటి నుంచే తాళం తిప్పి, ఒక కాలు లోపల పెట్టి యాక్సిలరేటర్ తొక్కుతాడు. తల మాత్రం కారు పైకప్పు మీదుగా, పిలవగా వచ్చిన పెద్దమనుషుల వైపు. వాళ్ళు ఆ మోత విని తలలూపాలి. దీన్ని అతను గౌరవం అనుకున్నాడు. అప్పుడప్పుడైనా నన్ను నడపనివ్వమని ఎన్నోసార్లు అడిగాను. "తాతగారి సీట్లో కూర్చుంటావా?" అన్నాడు. ఏదో దొంగతనం చేయబోతున్నట్టు.

రెండేళ్ళ కిందటి దసరాకు అతను ఎప్పటికన్నా ఎక్కువసేపు తొక్కాడు. కొత్తగా వచ్చిన పోలీసు అధికారిని పిలిచాడు మరి. కాలిన వాసన అరుగు మీదున్న నాకే ముందు తగిలింది.

"అన్నయ్యా, రేడియేటర్లో నీళ్ళు చూశావా?"

"పూజ మధ్యలో ఏంటమ్మా నీ గోల?"

బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. ఇంజన్ ఒక్కసారి కీచుమని బిగుసుకుపోయింది. నేను వెళ్ళి లోపలికి చూశాను. ముల్లు ఎర్రగీత దాటి ఉంది. దాన్ని చూడాల్సిన సీట్లో కండువా ఉంది.

కారును రిపేరుకని విజయవాడ ఆటోనగర్‌కి లాక్కెళ్ళారు. అక్కడ నిలబడితే పరువు తక్కువని అన్నయ్య రాలేదు. మా ఇంటి ఆడవాళ్ళు షాపుల ముందు కూర్చోరు. అయినా నేను భవానీపురంలో నేనుండే ఇంటి నుంచి రోజూ వెళ్ళి, ఆ నూనె మరకల మధ్య ఇనప కుర్చీలో కూర్చున్నాను. నాకు కావలసింది ఒక్కటే. ఆ కారు మళ్ళీ కాలవ గట్టు ఎక్కాలి. దాన్ని నేను నడపాలి.

మెకానిక్ నోటి దురుసు మనిషి. ఇంజన్ విప్పి నన్ను పిలిచాడు.

"దీన్ని నడపలేదమ్మగారూ, వండారు" అన్నాడు. "బ్లాక్ పగిలింది. అతుకేయించి, సిలిండర్లకి బోరు కొట్టించి ఇస్తాను. షెడ్డులోంచి మీ గేటు దాకా వస్తుంది. గేటు దాటితే నాకు ఫోన్ చెయ్యకండి."

"వేరే ఇంజన్ వేస్తే?"

"వేస్తే బందరు పోయి, బీచిలో టీ తాగి తిరిగొచ్చెయ్యండి. కాకపోతే ఇంజన్ నంబరు మారుద్ది. బండి ఎవరి పేరు మీదుంటే ఆయన సంతకం కావాలండి."

సంతకం అనేసరికి అన్నయ్య పరువు సంగతి మర్చిపోయి వచ్చాడు.

"ఎవడి కార్లోంచో పీకింది తెచ్చి తాతగారి కార్లో పెడతావా? రేపు ఆయన ఫొటోకి ఎవడి మొహమో అతికిస్తావు."

"తాతగారు పళ్ళు కట్టించుకోలేదా అన్నయ్యా? ఆ పళ్ళతోనే నీ పెళ్ళిలో లడ్డూలు తిన్నారు."

మెకానిక్ అటు తిరిగి దగ్గాడు.

"అసలు ఇది కారుతో వచ్చిన ఇంజనే కాదు. నేను కాలేజీలో ఉండగా తాతగారే మార్పించారు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను" అన్నాను.

"ఆయన మార్చారు. ఆయనకు తగును. నువ్వెవరివి?"

పరాయి మనిషి ముందు అన్న మాట అది. జవాబు చెబితే ఆ షాపులో మా ఇంటి పరువు ఇంకాస్త పోతుంది.

"అతుకే వెయ్యవయ్యా" అన్నాడు మెకానిక్‌తో.

"గేటు దాకే సార్. ముందే చెప్తున్నా."

"చాలు. మన కారు గేటు దాటి ఎవరి దగ్గరికెళ్ళాలి?"

మునసబు మునిమనవడు అన్నాడు ఆ మాట. ముత్తాతగారు గుర్రం మీద, తాతగారు ఈ కారులో, ఊరూరూ తిరిగి సంపాదించిన పేరు అది. గేటు లోపల కూర్చుని వాళ్ళెవరూ పెద్దవాళ్ళు కాలేదు.

మరుసటి దసరాకు నేను వెళ్ళలేదు. వదిన ఫోన్‌లో చెప్పింది. మళ్ళీ కండువా పరిచారట, మళ్ళీ బయట నిలబడే తొక్కాడట. అతుకు విడిపోయి నూనె, నీళ్ళు ముగ్గు మీద పారాయట. ఇప్పుడైనా సంతకం పెట్టు, మిగతాది నేను చూసుకుంటానని కబురు చేశాను. జవాబు రాలేదు.

ఈ వేసవిలో బందరు బస్సులో వెళ్తున్నాను. సీటు దొరకలేదు, నిలబడే ఉన్నాను. హైవే పక్క హోటలు ముందు, పూలకుండీల మధ్య మా కారు కనిపించింది. డ్రైవరు సీట్లో నల్లకళ్ళద్దాల మనిషి ఎవరో కూర్చుని ఫొటో దిగుతున్నాడు. కండువా లేదు.

వదినకు ఫోన్ చేస్తే తెలిసింది, అన్నయ్య కారును ఆ హోటలు వాళ్ళకు అమ్మాడు. ఇంజన్ వాళ్ళకు అక్కర్లేదంటే, దాన్ని విడిగా తీయించి పాత ఇనుము కింద అమ్మాడు.